కొట్టుగదిలో కోళ్ళ కాపురం



మీ పెరట్లో ఓ మూల కొట్టుగది ఉందా? కొన్ని ఊళ్ళల్లో దాన్ని కొట్టం అంటారు, కొన్ని ఊళ్ళల్లో పాక అంటారు. పేరు ఏదైతేనేం, లోపల ఉండే సరుకు మాత్రం ఒకటే. కాలు విరిగిన కుర్చీ, చక్రం ఊడిన సైకిలు, పిడిలేని పార, మూతలేని డబ్బాలు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన చెక్కలు. ఆ "ఎప్పటికైనా" అనే రోజు ఎన్నటికీ రాదు. ఈలోగా ఆ గదిలో ఎలకలూ, సాలెపురుగులూ హాయిగా కాపురం చేస్తూంటాయి.

ఈ నెల మన చేతిపని ఏమిటంటే, ఆ కొట్టుగదిని ఖాళీ చేసి ఆరు కోళ్ళు ఉండటానికి వీలుగా మార్చటం. కొత్తగా గూడు కట్టటంకన్న ఇది చాలా సులువు. గోడలు ఉన్నాయి, కప్పు ఉంది, తలుపు ఉంది. మరి చెయ్యటానికి ఏం మిగిలింది అంటారా? చాలా మిగిలింది. ఎందుకంటే ఆ గదిని సామాను కోసం కట్టారు. విరిగిన కుర్చీకి గాలి అక్కర్లేదు, కోడికి కావాలి. కుర్చీకి ఎండదెబ్బ తగలదు, కోడికి తగులుతుంది. కుర్చీని ముంగిస ఎత్తుకుపోదు, కోడిని ఎత్తుకుపోతుంది!

అంచేత సుత్తీ రంపమూ పట్టుకునే ముందు కాస్త ఆలోచించాలి.

అడవికోడిని అడుగుదాం

కోడికి ఏం కావాలో తెలుసుకోవాలంటే దాని తాతముత్తాతల ఇల్లు ఎలా ఉండేదో చూడాలి. మనం పెంచే కోళ్ళకు ముఖ్యమైన పూర్వీకురాలు ఎర్ర అడవికోడి. హిమాలయాల దిగువ అడవుల్లోనూ, తూర్పు కనుమల్లోనూ, అటు థాయిలాండు, ఇండోనేషియా దేశాల్లోనూ అది ఇప్పటికీ ఉంది. సుమారుగా గోదావరి దాటి దక్షిణానికి వస్తే, దాని చుట్టమైన బూడిదరంగు అడవికోడి కనిపిస్తుంది. మన కోళ్ళ కాళ్ళకు ఉండే పసుపురంగు ఈ రెండో చుట్టంనుంచి వచ్చిందని శాస్త్రజ్ఞులు 2008లో కనిపెట్టారు.

అడవికోడి మనిషి దగ్గిరకు ఎప్పుడు వచ్చింది? థాయిలాండులో బాన్ నాన్ వాట్ అనేచోట తవ్వకాల్లో దొరికిన ఎముకలే ఇంతవరకు తెలిసిన పెంపుడుకోళ్ళ ఎముకల్లో అన్నిటికన్న పాతవని 2022లో ప్రకటించిన ఒక పరిశోధన చెబుతున్నది. అవి సుమారు 3,500 ఏళ్ళనాటివి. మనుషులు వరీ, చిరుధాన్యాలూ పండించటం మొదలుపెట్టాక, ఆ గింజలకు ఆశపడి అడవికోళ్ళు ఊళ్ళ చెంతకు చేరాయని ఆ శాస్త్రజ్ఞుల ఊహ.

అడవికోడి దినచర్య ఎలా ఉంటుందంటే, పగలంతా అది నేలమీద తిరుగుతుంది. కాళ్ళతో ఎండుటాకులు గీరి గింజలూ పురుగులూ ఏరుకు తింటుంది. గుడ్లు పొదచాటున, ఎవరికంటా పడనిచోట పెడుతుంది. పొద్దు వాలుతూండగానే చెట్టో వెదురుపొదో ఎక్కి కొమ్మమీద నిద్రపోతుంది.

రాత్రిపూట చెట్టే ఎందుకెక్కాలి? కోడికి పగటిపూట చూపు చాలా మంచిది. మన కళ్ళకు కనిపించని అతినీలలోహిత కాంతి కూడా అది చూడగలదు. కాని చీకటిపడితే దాని కళ్ళు సరిగా పనిచెయ్యవు. పిల్లి వచ్చినా, పాము వచ్చినా ఎటు పారిపోవాలో దానికి తెలియదు. పగలు తన ప్రాణాన్ని తాను కాపాడుకోగలిగిన కోడి రాత్రి కాపాడుకోలేదు. చెట్టు దాన్ని కాపాడుతుంది.

మనం కోడిని చెట్టునుంచి దింపి పెరట్లోకి తెచ్చుకున్నాం. కనక ఇంతకాలమూ చెట్టు చేసిన పని ఇకమీదట మనం చెయ్యాలి. ఈ ఒక్కమాట గుర్తుంచుకోండి. కొట్టుగదిలో ఎక్కడ కన్నం పెట్టాలి, ఎక్కడ మూయాలి, ఎక్కడ కర్ర కట్టాలి అన్నవన్నీ దానంతట అవే తెలుస్తాయి.

ఎన్ని కోళ్ళు?

ఇది లెక్కల ప్రశ్న. పగలు పెరట్లో తిరిగే కోడికి గూటి లోపల తలా 4 చదరపు అడుగుల నేల ఉంటే సుఖంగా ఉంటుంది. మీ కొట్టుగది 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉందనుకుందాం. అంటే 48 చదరపు అడుగులు. దాన్ని 4 చేత భాగిస్తే 12 వస్తుంది. కాని మొదటి ఏడాదే 12 కోళ్ళు తేవద్దు. ఆరింటితో మొదలుపెట్టండి. చోటు ఎక్కువైతే కోళ్ళకు నష్టం లేదు. చోటు తక్కువైతే మాత్రం ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, ఈకలు పీక్కుంటాయి, జబ్బులు కూడా ఒకదాన్నుంచి ఒకదానికి త్వరగా పాకుతాయి.

గుడ్లు కావాలంటే కోడిపుంజు ఉండి తీరాలా అని కొందరు అడుగుతారు. అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి. అయితే ఆ గుడ్లు పొదిగినా పిల్లలు కావు. పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి. తెల్లవారుజామున నాలుగింటికే పుంజు కూత మొదలుపెడితే పక్కింటివాళ్ళు ఏమంటారో కూడా ఆలోచించుకోండి! పట్నాల్లో ఉండేవాళ్ళు కోళ్ళు పెంచటానికి తమ మునిసిపాలిటీ ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోవాలి.

ఖాళీ చెయ్యటం (ఇది పెద్దవాళ్ళు కూడా చదవాలి)

కొట్టుగదిలో ఉన్న సామానంతా బయటికి తియ్యాలి. చేలకు కొట్టే పురుగుమందు సీసాలు, ఎలకలమందు బిళ్ళలు, రంగుడబ్బాలు, కిరసనాయిలు వంటివి పిల్లలు ముట్టుకోరాదు. వాటిని పెద్దవాళ్ళే తియ్యాలి. ఎలకలమందు ఒక్క బిళ్ళ మూలన మిగిలినా కోడి దాన్ని గింజ అనుకుని మింగుతుంది. పురుగుమందు ఒలికిన మట్టినేల అయితే పైమట్టి జానెడు లోతున తవ్వి తీసేసి, కొత్తమట్టి పోసి దిమ్మిస చెయ్యాలి. తవ్విన మట్టిని నూతికీ, కూరపాదులకూ దూరంగా పూడ్చిపెట్టాలి.

తరవాత నేలంతా వెతకండి. మేకులు, గాజుపెంకులు, తీగముక్కలు ఏవీ ఉండరాదు. తళతళలాడేది ఏదైనా సరే, కోడి పొడిచి చూస్తుంది. ఇది మాత్రం పిల్లలు బాగా చెయ్యగల పని. ఒక దారానికి అయస్కాంతం కట్టి నేలమీద ఈడ్చుకుంటూ వెళితే మీ కంటికి కనపడని మేకులు కూడా దొరుకుతాయి.

ఇంకొక్క హెచ్చరిక. కప్పుమీద పాత సిమెంటురేకులు ఉంటే వాటిని రంపంతో కొయ్యటం, కన్నాలు తొలచటం, పగలగొట్టటం చెయ్యకండి. అలాటి రేకుల్లో ఆస్బెస్టాస్ అనే నార ఉంటుంది. దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదకరమైన జబ్బులు వస్తాయి. చెక్కుచెదరకుండా ఉన్న రేకును అలాగే ఉండనివ్వండి. పగిలినవాటిని తియ్యాలంటే ఆ పని తెలిసినవాళ్ళను పిలవాలి.

చివరికి గోడలకు సున్నం వెయ్యాలి. సున్నంవల్ల గది వెలుతురుగా ఉంటుంది. కోళ్ళను పీడించే పేలూ, నల్లులూ దాక్కునే సందులు కూడా మూసుకుపోతాయి. తడిసున్నం కళ్ళల్లో పడితే మంట పుడుతుంది కనక ఆ పనీ పెద్దవాళ్ళదే.

గాలి ఎటునుంచి ఎటు?

సామాను గదికి సాధారణంగా కిటికీ ఉండదు. అలాటి గదిలో ఆరుకోళ్ళను రాత్రల్లా మూసి ఉంచితే ఏమవుతుంది? అవి వదిలే ఊపిరిలో తేమ ఉంటుంది. రెట్టలో ఉండే తెల్లటి పదార్థం యూరిక్ ఆమ్లం. అది తడిలో కుళ్ళినప్పుడు అమ్మోనియా అనే ఘాటు వాయువు పుడుతుంది. ఆ వాయువు కోళ్ళ కళ్ళనూ ఊపిరితిత్తులనూ పాడుచేస్తుంది. చెట్టుకొమ్మమీద ఈ బాధ లేదు.

అంచేత ఎదురెదురుగా ఉన్న రెండు గోడలకు, కప్పుకు కాస్త దిగువన, అడుగు ఎత్తున గాలికన్నాలు పెట్టించాలి. కన్నాలు పైన ఎందుకంటే, వేడిగాలి తేలిక, అది పైకి పోతుంది. తేమనూ వాసననూ కూడా వెంటబెట్టుకు పోతుంది. కోళ్ళు కూర్చునేచోటికి పైగా గాలి ఆడాలి కాని, చలికాలంలో వాటి ఒంటిమీదికి సూటిగా కొట్టరాదు.

కన్నాలు పెట్టాక ఒక పరీక్ష చెయ్యండి. ఊక పరవకముందే, నేల ఉత్తగా ఉన్నప్పుడు, పెద్దవాళ్ళ ఎదట ఒక అగరువత్తి వెలిగించి గది మధ్య పట్టుకోండి. తలుపు మూయండి. పొగ నెమ్మదిగా పైకిపోయి కన్నాలగుండా బయటికి వెళితే మీ పని సరిగా ఉన్నట్టు. పొగ గదిలోనే సుడులు తిరుగుతూంటే గాలి చాలటం లేదన్నమాట. కోళ్ళు వచ్చాక ఇంకో పరీక్ష ఉంది. పొద్దున్నే తలుపు తియ్యగానే గొంతుకు కూర్చుని, కోడి తల ఉండే ఎత్తున ముక్కు పెట్టి వాసన చూడండి. మీకు కళ్ళు మండితే వాటికి రాత్రంతా మండినట్టే.

చలికన్న మనకు ఎండ పెద్ద శత్రువు. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా! కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీలు. నోరు తెరిచి రొప్పటమూ, రెక్కలు ఎడంగా పెట్టటమూ తప్ప ఒళ్ళు చల్లబరచుకునే ఉపాయం దానికి పెద్దగా లేదు. రేకుల కప్పుకింద మేనెల మధ్యాహ్నం మూసిపెడితే చచ్చిపోతుంది కూడా. కనక రేకుమీద తాటాకులో, కొబ్బరాకులో, గడ్డో పరిచి కట్టండి. అది వీలుకాకపోతే రేకు పైభాగానికి తెల్లసున్నం కొట్టండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. పడమటి గోడకు పెద్ద కన్నాలు పెట్టకండి. ఎండపొద్దున నీళ్ళు నీడలోనే ఉంచాలి. ఒక్కో కోడి మామూలుగా రోజుకు పావులీటరు దాకా తాగుతుంది, ఎండాకాలంలో దానికి రెండింతలు తాగుతుంది.

కొమ్మకు బదులు కర్ర, పొదకు బదులు పెట్టె

గదిలో ఒక గోడనుంచి ఇంకో గోడకు కర్ర ఒకటి అమర్చాలి. దీన్ని దండెం అందాం. ఇదే మన కోళ్ళకు చెట్టుకొమ్మ. రెండంగుళాల మందం ఉండి, అంచులు నున్నగా చిత్రికపట్టి ఉంటే చాలు. ఇనపగొట్టం పనికిరాదు. అది జారుతుంది, ఎండకు కాలుతుంది. ఒక్కో కోడికి 9 అంగుళాల చోటు కావాలి. ఆరు తొమ్ములు యాభైనాలుగు, అంటే నాలుగున్నర అడుగులు. ఆరడుగుల గోడలమధ్య కట్టిన కర్ర ఒక్కటే సరిపోయింది! నేలకు రెండుమూడడుగుల ఎత్తున ఉంచండి. బరువైన కోడి మరీ ఎత్తునుంచి దూకితే కాళ్ళు దెబ్బతింటాయి.

కోడిని చేతుల్లోకి తీసుకున్నప్పుడు దాని కాలు మెల్లిగా మడిచి చూడండి. వేళ్ళు వాటంతట అవే ముడుచుకుంటాయి. కాలి వెనకగా వేళ్ళదాకా పోయే స్నాయువులు కాలు మడిచినప్పుడు బిగుస్తాయి. కొమ్మ పట్టుకోవటానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది.

గుడ్లు పెట్టటానికి పొదవంటి చోటు కావాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగుకు కాస్త ఎక్కువ ఎత్తుగల పెట్టెలు రెండు చాలు. నాలుగైదు కోళ్ళకు ఒక పెట్టె లెక్క. పాత పళ్ళబుట్టలైనా పనికొస్తాయి. లోపల ఎండుగడ్డి వేసి, గదిలో అన్నిటికన్న చీకటిగా ఉన్న మూల పెట్టండి. ఇందులో ఒక కిటుకు ఉంది. పెట్టెలు దండెంకన్న తప్పకుండా పల్లంలో ఉండాలి. ఎందుకంటే కోళ్ళు గదిలో అన్నిటికన్న ఎత్తయిన చోటు చూసుకుని నిద్రపోతాయి. పెట్టె ఎత్తున ఉంటే అందులోనే పడుకుని రాత్రంతా రెట్ట వేస్తాయి. మర్నాడు గుడ్లన్నీ మురికే!

నేలమీద పరుపు

నేలంతా నాలుగంగుళాల మందాన వరి ఊకో, వేరుశనగ తొక్కో, రంపపుపొట్టో పరవండి. అడవిలో ఎండుటాకులకు బదులు ఇది. రెట్టలోని తడిని ఇది పీల్చుకుంటుంది. కోళ్ళు కాళ్ళతో గీరి తిరగవేస్తూంటే ఆరిపోతుంది కూడా. తడినేలమీద పెరిగే సూక్ష్మజీవులవల్ల కోడిపిల్లలకు రక్తవిరేచనాలు పట్టుకుంటాయి. కనక పొడిగా ఉంచటమే మొదటి మందు.

పరుపు ఎలా ఉన్నదో తెలుసుకోవటానికి గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదలండి. పొడిపొడిగా రాలిపోతే బాగున్నట్టు. ముద్దకట్టి ఉండిపోతే తడి ఎక్కువైంది, కొత్త ఊక కలపాలి. చెయ్యి సబ్బుతో కడుక్కోవటం మరవకండి. పాత పరుపును పారేయవద్దు. కొన్ని నెలలు గుంటలో మాగనిస్తే కూరపాదులకు మంచి ఎరువు.

వానాకాలంలో జల్లు లోపలికి కొట్టకుండా చూరు రెండుమూడడుగులు ముందుకు ఉండాలి. లోపలినేల బయటినేలకన్న అడుగు ఎత్తుగా ఉంటే వాన నీళ్ళు రావు.

రాత్రిదొంగలు

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. మీ ఊళ్ళో కోడిమాంసం ఇష్టపడేది మనుషులే అనుకుంటున్నారా? ముంగిస, మానుపిల్లి, అడవిపిల్లి, ఊరకుక్కలు, పాములు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. పందికొక్కు నేలకింద బొరియ తవ్వుకుని లోపలికి వచ్చి గుడ్లనూ చిన్నపిల్లలనూ తినేస్తుంది. అది తవ్విన దారిన పాము వస్తుంది. ఊళ్ళోకి కోతులు వచ్చే చోట్ల గుడ్లకు అదొక బెడద.

బజార్లో కోళ్ళకోసమని ఆరుమూలల కన్నులున్న పల్చటి తీగ జాలీ అమ్ముతారు. దాని పని కోళ్ళను బయటికి పోకుండా ఆపటం. లోపలికి వచ్చేవాణ్ణి అది ఆపలేదు. కుక్క దాన్ని పళ్ళతో చింపగలదు, ముంగిస సందులు వెతుక్కుని దూరగలదు. అంచేత గాలికన్నాలకు అర అంగుళం చదరపు కన్నులున్న వెల్డ్‌మెష్ కొట్టించండి. దాన్ని చిన్న మేకులతో కాక, పైన చెక్కపట్టీ వేసి మరలతో బిగించాలి.

నేలకింద దొంగకు ఇంకో ఉపాయం. కొట్టుగది చుట్టూ అదే మెష్‌ను గోడను ఆనించి నేలమీద అడుగున్నర వెడల్పున పరిచి, పైన మట్టీ రాళ్ళూ కప్పండి. తవ్వే జంతువు ఎప్పుడూ గోడ మొదట్లోనే తవ్వటం మొదలుపెడుతుంది. అక్కడ తీగ తగులుతుంది. అడుగున్నర వెనక్కి వెళ్ళి తవ్వాలని దానికి సాధారణంగా తోచదు!

తలుపుకు ఒక గొళ్ళెం చాలదు. కోతి వేళ్ళకు గొళ్ళెం తియ్యటం కష్టం కాదు. గొళ్ళేనికి ఒక చీల దూర్చి తిప్పేటట్టు పెట్టించండి. ఇక గది చుట్టూ తిరిగి సందులు వెతకండి. మీ బొటనవేలు దూరే ప్రతి సందూ మూయవలసిందే. మిట్టమధ్యాహ్నం లోపల నిలబడి తలుపు మూసుకుంటే, వెలుతురు ఎక్కడెక్కడినుంచి వస్తున్నదో ఆ సందులన్నీ మీకు తెలిసిపోతాయి.

కోళ్ళు వచ్చాయి!

ఒకరోజు పిల్లలకు వెచ్చదనం కావాలి, అది కష్టమైన పని. కనక ఆరువారాలు దాటి, టీకాలు వేసిన పిల్లలను తెచ్చుకోండి. నాటుకోళ్ళైనా సరే. లేదా వనరాజా, గ్రామప్రియ అనే రకాలున్నాయి. ఇవి హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటి పెంపకం కోసమే తయారుచేసినవి.

మొదటి వారం వాటిని గదిలోనే ఉంచండి. ఇదే మా ఇల్లు అని వాటికి తెలియాలి. తరవాత పగలు వదిలితే, పొద్దు వాలగానే వాటంతట అవే వచ్చి దండెం ఎక్కుతాయి.

అవి తినేటప్పుడు గమనించండి. ఒక కోడి అన్నిటినీ పొడుస్తుంది, దాన్ని ఎవరూ పొడవరు. రెండోది మొదటిదానికి మాత్రమే భయపడుతుంది. చివరిదాన్ని అన్నీ పొడుస్తాయి. థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె అనే నార్వే దేశస్థుడు మీవంటి పిల్లవాడుగా ఉన్నప్పుడే కోళ్ళ వెంట తిరిగి ఈ సంగతులు రాసిపెట్టుకునేవాడు. పెద్దయ్యాక 1922లో దాన్నిగురించి శాస్త్రపత్రికలో ప్రకటించాడు. జంతువుల్లో పెద్దాచిన్నా తరతమాలను గురించి ఈనాడు చదువుకునేదానికి అది ఒక మొదలు. మీరు చెయ్యవలసిందల్లా, చివరికోడి ఆకలితో ఉండకుండా మేతతొట్లు రెండుచోట్ల పెట్టటం.

గుడ్లుపెట్టే కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల దాకా దాణా తింటుంది. ఒట్టి నూకలు చాలవు. గుడ్డు పెంకులో దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, అంటే సుద్ద. అది కోడి ఒంట్లోనుంచి రావాలి. కనక దంచిన ఆలిచిప్పలు వేరే గిన్నెలో పెట్టండి. కోడికి పళ్ళు లేవు. అది మింగిన చిన్నరాళ్ళు కందనకాయలో చేరి తిరగలిలాగా గింజలను నలుపుతాయి. అంచేత కాస్త గరుకిసక కూడా ఉంచాలి.

కోళ్ళకు వచ్చే జబ్బుల్లో కొక్కెర తెగులు చాలా చెడ్డది. 1926లో ఇంగ్లండులో న్యూకాసిల్ పట్టణం దగ్గిర బయటపడ్డది కనక న్యూకాసిల్ వ్యాధి అనీ, మనదేశంలో హిమాలయాల్లోని రాణీఖేత్ పేరుమీదుగా రాణీఖేత్ వ్యాధి అనీ అంటారు. వచ్చాక మందు లేదు, రాకుండా టీకా ఉంది. ఎప్పుడెప్పుడు వేయించాలో పశువైద్యశాలలో చెబుతారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీ పెద్దవాళ్ళకు తెలిసే ఉంటుంది. కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోతే పిల్లలు ముట్టుకోరాదు, కొయ్యరాదు. వెంటనే పశువైద్యశాలకు చెప్పాలి. మామూలు రోజుల్లో కూడా కోళ్ళను ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కునే అన్నం తినాలి.

సాయంకాలం లెక్క

ఇంత చేశాక ఇంకొక్క పని ఉంది. అది ఒక్కరోజుతో అయ్యేది కాదు.

రోజూ పొద్దుగూకే వేళ మీరు కొట్టుగది దగ్గిరకు వెళ్ళాలి. దండెంమీద కోళ్ళను లెక్కపెట్టాలి. ఆరు ఉన్నాయా? ఉంటే తలుపు వేసి, గొళ్ళెం పెట్టి, చీల దూర్చాలి. అయిదే ఉంటే ఆరోదాన్ని వెతికి తేవాలి. అది ఏ పొదలోనో, బండి కిందనో కదలకుండా కూర్చుని ఉంటుంది. పట్టుకోబోతే పరిగెత్తదు కూడా. దానికి కనపడదు కదా! మీకు అంత సులువుగా దొరికేది మానుపిల్లికి ఇంకా సులువుగా దొరుకుతుంది.

వెల్డ్‌మెష్ ఎంత గట్టిదైనా, మరలు ఎంత బాగా బిగించినా, తలుపు వెయ్యని రాత్రి అవన్నీ దండగ. పరీక్షలని మానటానికి లేదు, పెళ్ళికి ఊరెళ్ళామని మానటానికి లేదు. మీరు లేనప్పుడు ఎవరు తలుపు వేస్తారో ముందే అనుకుని, ఆ పని వాళ్ళకు చూపించి వెళ్ళాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే వారాలు పంచుకోండి. ఒక పలకమీద తేదీ, కోళ్ళ లెక్క, గుడ్ల లెక్క రాసి తలుపు పక్కన తగిలించండి. "వాడు వేశాడనుకున్నాను" అనే మాట కోళ్ళ ఇంట్లో పనికిరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. కోడి అయిదారేళ్ళు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువకాలమే బతకగలదు. కాని రెండుమూడేళ్ళు దాటాక గుడ్లు తగ్గిపోతాయి. అప్పుడు దాన్ని ఏం చేస్తారన్నది కోళ్ళు రాకముందే పిల్లలతో కూర్చుని మాట్లాడండి. కూర వండుకునే ఇల్లయితే ఆ సంగతీ దాచకండి. ముసలిదాన్ని ఉంచుకునేటట్టయితే దాని మేత ఖర్చు కూడా లెక్కలో వెయ్యండి. ఏది నిర్ణయించినా పరవాలేదు. అయితే, పిల్లలు పేరుపెట్టి పిలుచుకున్న కోడి ఒకరోజు చెప్పకుండా మాయం కావటం మాత్రం మంచిది కాదు.

పిల్లలూ, మీకు మూడు ప్రశ్నలు. మీ కొట్టుగది నేల ఎన్ని చదరపు అడుగులు? అందులో ఎన్ని కోళ్ళు పడతాయి? మీ ఊళ్ళో కోళ్ళను పట్టే జంతువులు ఏవేవి? మొదటి రెండూ టేపు పెట్టి కొలవండి. మూడోది మీ తాతయ్యనో, నాయనమ్మనో అడగండి. వాళ్ళ దగ్గిర కోడిని పోగొట్టుకున్న కథ ఒకటైనా ఉండకపోదు. అది విన్నాక తలుపుకు గొళ్ళెం ఎంత గట్టిగా ఉండాలో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు!